సుద్దముక్క వదలకుండానే: ఏడో తరగతి గణితంలోకి టెక్నాలజీ వచ్చిన ఏడాది

విద్యాసంవత్సరం మొన్ననే ముగిసింది. ఏడో తరగతి గణితం పీరియడ్‌లోకి ఫోను, ప్రొజెక్టరు, జవాబు కార్డులు, జియోజీబ్రా అనే జ్యామితి ప్రోగ్రాం, ఆన్‌లైన్ క్విజ్‌లు, చివర్లో టాబ్లెట్లు ఇదే వరసలో ఒక్కొక్కటిగా వచ్చాయి. శిక్షణ తరగతుల్లో చెప్పేది ఒకటి, నలభై మంది పిల్లల ముందు జరిగేది ఇంకొకటి. ఈ దారిలో రాబోయే టీచర్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదట్లో పెట్టుకున్న నియమం ఒక్కటే. ఏ వస్తువైనా పీరియడ్‌లోంచి తీసుకున్న నిమిషాలు తిరిగి ఇచ్చేదాకా ఇంకో వస్తువు గదిలోకి రాకూడదు. 45 నిమిషాల పీరియడ్‌లో వైర్లు కలిపి, తెర సర్దేసరికి 7 నిమిషాలు పోయాయంటే పాఠంలో దాదాపు ఆరోవంతు పోయినట్టే. ఆ లెక్క ఏడాదంతా వేసుకుంటూనే ఉన్నాను.

బడి తెరవకముందు

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ప్లగ్ పాయింటు. అది సాధారణంగా తలుపు పక్కనో బోర్డు కిందో ఉంటుంది, ప్రొజెక్టరేమో గది మధ్యలో ఉండాలి. టేపు పట్టుకుని కొలిచి, నడిచే దారికి అడ్డం రాకుండా గోడ వెంట తిప్పితే ఎంత తీగ పడుతుందో చూసుకోవాలి. నేరుగా కొలిస్తే మూడు మీటర్లు వచ్చేది గోడ వెంట తిప్పితే ఆరేడు మీటర్లవుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఎర్త్ పిన్ను ఉండాలి. తీగ నేల మీద దాటక తప్పని చోట వెడల్పాటి టేపు పూర్తిగా అంటించాలి. బెంచీల మధ్య పరిగెత్తే పిల్లలకి తీగలు కనిపించవు.

అనుమతి కోసం రాసిన ఉత్తరం ఒక పేజీ మించలేదు: ఏ గది, ఏ పీరియడ్లు, ఏ పరికరం, పాడైతే బాధ్యత ఎవరిది, పిల్లల ఫొటోలు తీయబోమన్న హామీ. జవాబు రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు ఇంకా నెమ్మది, చివరి కాగితం చేతికి వచ్చేసరికి నెల గడిచింది. అందుకే అవి మొదటిరోజే ఇళ్లకి వెళ్లాలి. ఆన్‌లైన్ పని మూడు నెలల తర్వాత మొదలైనా సరే, కాగితాలు ముందే కదలాలి.

మొదట వచ్చింది ఫోను

మొదటి రెండు మూడు వారాలు తెర మీద కనిపించినవి పిల్లల నోటుబుక్కులే. ఫోనుని స్టాండుకి బిగించి కెమెరా కిందికి చూసేలా పెడితే చాలు, విజువలైజర్ (కాగితాన్ని తెర మీద చూపించే కెమెరా) కొనాల్సిన పని లేదు. తెరిచిన నోటుబుక్కు రెండు పేజీలూ పట్టాలంటే 35 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. స్లైడులు తయారు చేసే శ్రమ ఉండదు, యానిమేషన్ ఉండదు, రాత్రి కూర్చుని చేసే పనేమీ ఉండదు. ఒకే లెక్కని ఇద్దరు రెండు దారుల్లో చేస్తే ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించొచ్చు. అదంతా బోర్డు మీద ఎక్కించడానికి పట్టే సమయం మొత్తం మిగిలిపోతుంది. నియమం మొదటిసారి నెగ్గింది ఇక్కడే.

చిక్కులన్నీ కనెక్షన్ దగ్గరే. యూఎస్‌బీ-సీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న అడాప్టర్ కొంటే సరిపోతుందని చాలామంది అంటారు. ఫోనులో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్, అంటే ఛార్జింగ్ రంధ్రం గుండానే బొమ్మని బయటికి పంపే సదుపాయం, ఉంటేనే అది పనిచేస్తుంది. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు. రంధ్రం ఆకారం ఒకటే కాబట్టి అడాప్టర్ చక్కగా దిగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. కొనకముందే ఫోను స్పెసిఫికేషన్లలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. వైర్లు లేకుండా చేసే కాస్టింగ్‌లో చాలా రకాలకి ఫోనూ తెరా ఒకే వైఫైలో ఉండాలి. బళ్లలో వైఫైని ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా కట్టడి చేసి పెట్టడం మామూలే. నెట్ వస్తూనే ఉంటుంది, కాస్ట్ మాత్రం కాదు. ఏడాదంతా నమ్మకంగా నడిచిన పద్ధతి, ఫోనుని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, scrcpy అని రాసి స్క్రీన్ కాపీ అని పలికే ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంతో ఫోను తెరని ల్యాప్‌టాప్‌లో చూపించడం. దీనికి ఆండ్రాయిడ్ సెట్టింగులలో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. పని అయ్యాక ఆఫ్ చేసేయాలి. అంతా సరిగ్గా ఉన్నా ల్యాప్‌టాప్ ఫోనుని గుర్తించడం లేదంటే ముందు కేబుల్‌ని అనుమానించండి. ఛార్జింగుకి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి, వాటిలో డేటా తీగలే ఉండవు.

కెమెరా విషయానికొస్తే, చెయ్యి కదిలినప్పుడల్లా ఫోకస్ వెతుక్కుంటూ బొమ్మ మసకబారుతుంది. కాగితం మీద వేలు నొక్కి ఉంచితే ఫోకస్ లాక్ అవుతుంది. తెల్లకాగితం ఎక్కువగా ఉంటే కెమెరా బొమ్మని చీకటి చేస్తుంది, వెలుగు గీతని కొంచెం పైకి జరపాలి. ట్యూబులైటు కింద తెర మీద నల్లని పట్టీలు పాకుతుంటే, కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట షట్టర్ వేగం సెకనులో 50వ లేదా 100వ వంతు పెట్టాలి. ఫోనుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచాలి. ఇంట్లోంచి వచ్చే మెసేజి నలభై మంది ఒకేసారి చదవడానికి ఒక్క క్షణం చాలు.

ఎవరి నోటుబుక్కు చూపించాలన్నది కెమెరా కన్నా సున్నితమైన సంగతి. పేరు మీద కాగితం కప్పినా చేతిరాత చూసి క్లాసంతా గుర్తుపడుతుంది. అందుకే సరైన పేజీలు, వింత దారిలో చేసినవి మాత్రమే అడిగి తీసుకుని చూపించాలి. తప్పుల గురించి మాట్లాడాల్సి వస్తే అదే తప్పుని టీచరే తెల్లకాగితం మీద తన చేతిరాతతో తిరిగి రాసి కెమెరా కింద పెట్టాలి. కొన్నాళ్లకి పిల్లలే ‘నాది చూపించండి టీచర్’ అంటూ పుస్తకాలు పట్టుకుని లేస్తారు. అప్పుడు క్యూ తగ్గించడమే పని.

తెర, వెలుగు, వత్తులు

ప్రొజెక్టరు ఎంత దూరంలో పెట్టాలన్నదానికి ఊహలు అక్కర్లేదు. దాని స్పెసిఫికేషన్లలో త్రో రేషియో అని ఒక సంఖ్య ఉంటుంది. అది 1.5 అయితే 2 మీటర్ల వెడల్పు బొమ్మకి 3 మీటర్ల దూరం కావాలి. షార్ట్ త్రో రకమైతే 0.5 దగ్గర ఉంటుంది, ఒక్క మీటరు చాలు, టీచరు నీడ కూడా పడదు. లైట్లు ఆర్పకుండా పాఠం చెప్పాలంటే ప్రొజెక్టరు వెలుగు 3,000 ల్యూమెన్లకి తగ్గకూడదు. లైట్లు ఆర్పి పాఠం చెప్పొద్దు. గణితంలో పిల్లలు రాస్తూ ఉండాలి, చీకట్లో రాయలేరు. పైగా మధ్యాహ్నం పీరియడ్‌లో చీకటి గది అంటే నిద్రకి ఆహ్వానం.

బొమ్మ ఒక వైపు వెడల్పుగా, ఇంకో వైపు ఇరుకుగా పడితే చాలామంది కీస్టోన్ బటన్ నొక్కి సరిచేస్తారు. అలా చేస్తే పిక్సెళ్లు పోయి అక్షరాల అంచులు ముద్దగా అవుతాయి. ప్రొజెక్టరుని తెరకి ఎదురుగా సరైన ఎత్తులో పెట్టి, దాని బల్ల కాళ్ల కింద నేల మీద సుద్దతో గుర్తు గీసుకుంటే రోజూ సర్దే బాధ తప్పుతుంది. ఆ సుద్ద గుర్తులు ఏ యాప్ కన్నా ఎక్కువ నిమిషాలు మిగిల్చాయి.

తెలుగుకి ప్రత్యేకంగా ఒక మాట. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే సైజు మన వత్తులకి సరిపోదు. స్లైడులో 28 పాయింట్లకి తగ్గితే చివరి బెంచీకి ‘క్ష’, ‘ష్ట’ లాంటివి మచ్చల్లా కనిపిస్తాయి. 32 పెట్టి, వరసల మధ్య ఖాళీ 1.5 ఉంచితే కింది వత్తు తర్వాతి వరస గుడింతాలకి తగలదు. సన్నటి ఎరుపు, పసుపు గీతలు ల్యాప్‌టాప్‌లో ముద్దుగా ఉంటాయి, గోడ మీద ఇంకిపోతాయి. నలుపు, ముదురు నీలం నమ్మదగ్గవి. పరీక్షించే పద్ధతి ఒకటే: క్లాసు ఖాళీగా ఉన్నప్పుడు చివరి బెంచీ మూల సీట్లో కూర్చుని చదవడం.

తెరని బోర్డు మీద కాకుండా పక్క గోడ మీద వేయాలి. బోర్డు ఖాళీగా ఉండాలి. తెర మీది బొమ్మ మారిపోతూ ఉంటుంది, బోర్డు మీద రాసింది పీరియడ్ అయ్యేదాకా నిలుస్తుంది, వెనకబడిన పిల్లలు దాన్ని చూసుకునే అందుకుంటారు. విండోస్ కీ, పి కీ కలిపి నొక్కితే వచ్చే వాటిలో డూప్లికేట్ బదులు ఎక్స్‌టెండ్ ఎంచుకోవాలి. అప్పుడు పిల్లలకి ప్రశ్న, టీచరుకి మార్కుల జాబితా వేరువేరుగా కనిపిస్తాయి. లాంప్ ఉన్న పాత రకం ప్రొజెక్టరుని ఆపిన వెంటనే ప్లగ్ లాగకూడదు, లోపలి ఫ్యాను ఆగేదాకా ఉండాలి. సుద్దపొడి ఎక్కువగా ఉండే గదుల్లో గాలి ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. పాఠం మధ్యలో ప్రొజెక్టరు తనంతట తాను ఆరిపోతే మొదట చూడాల్సింది దాన్నే.

ఇక ఆ తెర వెలగని నిమిషాల సంగతి. గొడవ పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, ఏ కేబుల్ ఎక్కడ పెట్టాలో తెలిసినా గుర్తుకురాదు. ఎన్నాళ్ల అనుభవం ఉన్నా ఇది తప్పదు. దానికి మందు ఒకటే: పీరియడ్ మొదలవగానే ముందు బోర్డు మీద ఒక లెక్క రాసి, ఆ తర్వాతే స్విచ్ వేయడం. తెర వెలిగినా వెలగకపోయినా పిల్లలు పనిలో ఉంటారు. రెండు నిమిషాల్లో రాకపోతే ఆ రోజుకి వదిలేయడమే మేలు, పంతానికి పోతే పీరియడ్ పోతుంది.

కార్డులతో తెలిసొచ్చింది

రెండో నెల చివర్లో ప్లికర్స్ కార్డులు మొదలయ్యాయి. ఏడాదిలో వచ్చినవాటన్నిటిలో దేన్ని ఉంచుకుంటావని అడిగితే ఇదే చెప్తాను. పిల్లల చేతిలో ఏ పరికరమూ ఉండదు, ఒక్కొక్కరికీ నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఉన్న కాగితం కార్డు మాత్రమే. నాలుగు అంచుల మీద సన్నగా ఏ, బీ, సీ, డీ అని ఉంటాయి. జవాబు అక్షరం పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవాలి. టీచరు ఫోను కెమెరాని క్లాసు మీదుగా తిప్పితే ఎవరు ఏం చెప్పారో ఫోనులో వచ్చేస్తుంది. ప్రతి కార్డు మీది బొమ్మ వేరు కాబట్టి పక్కవాళ్ల కార్డు చూసి కాపీ కొట్టడం కష్టం. నెట్ కావాల్సింది టీచరు ఫోనుకి ఒక్కదానికే.

కార్డు నంబరే రోల్ నంబరు అయ్యేలా పేర్లు ఎక్కించుకుంటే పంచడం, తిరిగి తీసుకోవడం తేలిక. మందంగా ఉన్న కాగితం మీద ముద్రించాలి. లామినేషన్ చేయిస్తే మెరుపు లేని మ్యాట్ రకమే చేయించాలి, మెరిసే రకమైతే కిటికీ వెలుగు పడిన చోట కెమెరాకి కార్డు కనపడదు. ముందు బెంచీ వాళ్ల తలలు వెనక కార్డులకి అడ్డం వస్తాయి, కాబట్టి వెనకవాళ్లు తలపైకి, ముందువాళ్లు గుండెల దగ్గర పట్టుకోవాలి. వేళ్లు నల్లగళ్ల మీద పడితే ఆ కార్డు చదవబడదు, అంచులే పట్టుకోవాలని మొదటిరోజు సాధన చేయించాలి. ఈ సాధనకి ఒక సగం పీరియడ్ పోతుంది. తర్వాత ఒక ప్రశ్న అడిగి జవాబులు తీసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు.

అసలు పని ప్రశ్న తయారుచేయడంలో ఉంది. ఒకటి దగ్గరగా చూపిస్తాను. 0.3 × 0.2 ఎంత? ఏ: 0.6, బీ: 0.06, సీ: 0.5, డీ: 6. ఇక్కడ తప్పు జవాబులన్నీ కావాలని పెట్టినవే. సీ ఎత్తినవాళ్లు గుణకారం గుర్తుని సరిగా చూడకుండా కూడారు, వాళ్లకి కొత్త పాఠం అక్కర్లేదు. డీ ఎత్తినవాళ్లు దశాంశ బిందువునే వదిలేశారు. ఏ ఎత్తినవాళ్ల దగ్గరే అసలు సమస్య ఉంది. కూడికలో బిందువుని వరసగా కిందికి దించినట్టే గుణకారంలోనూ దించారు. ‘గుణిస్తే పెరగాలి కదా’ అన్న నమ్మకం కూడా వెనకాల ఉంటుంది, ఎందుకంటే 0.06 వాళ్లకి మరీ చిన్నదిగా కనిపిస్తుంది. నోటితో అడిగితే ముందు బెంచీలోంచి ‘0.06’ అని గట్టిగా వినపడుతుంది, పాఠం ముందుకి సాగిపోతుంది. కార్డులు ఎత్తిస్తే క్లాసులో సగం ఏ దగ్గర ఉన్నట్టు తేలుతుంది.

తర్వాతి అడుగుకి హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990లలో ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి బాగా పనికొచ్చింది. సరైన జవాబు చెప్పినవాళ్లు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే జవాబు చెప్పకుండా పక్కవాళ్లతో వాదించుకోమని వదిలి, మళ్లీ కార్డులు ఎత్తించాలి. 30 కన్నా తక్కువైతే వాదించడానికి తెలిసినవాళ్లే చాలినంత మంది ఉండరు, మళ్లీ చెప్పాలి. 70 దాటితే ముందుకెళ్లి, మిగిలినవాళ్లని విడిగా చూసుకోవాలి. ఒక జాగ్రత్త ఉంది. మొదటిసారి వచ్చిన బార్ గ్రాఫ్ తెర మీద చూపించకూడదు. చూపిస్తే వాదన ఉండదు, అందరూ పొడవాటి బార్ వైపు గెంతుతారు.

ఆ దశాంశాల తప్పుని సరిచేసింది మాత్రం గ్రాఫ్ కాగితమే. పదికి పది గళ్ల చతురస్రంలో మూడు నిలువు వరసలు ఒక రంగు, రెండు అడ్డ వరసలు ఇంకో రంగు వేయిస్తే రెండు రంగులూ కలిసినవి 100 గళ్లలో 6. బిందువు ఎక్కడ పెట్టాలో అడిగే పనే లేదు.

కార్డుల వల్ల ఇంకో మార్పు వచ్చింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవూ నాణ్యతా పెరుగుతాయని కూడా చూపించారు. తెలిసిన సంగతే అయినా నోటితో అడిగేటప్పుడు ఆగలేం. అందరి కార్డులూ లేచేదాకా స్కాన్ మొదలవదు కాబట్టి ఇక్కడ ఆగక తప్పదు. నెలల తరబడి నోరు విప్పని పిల్లల రోల్ నంబర్ల పక్కన వరసగా సరైన జవాబులు కనిపిస్తుంటే కలిగే భావం సంతోషమా, ఇన్నాళ్లూ తెలియలేదే అన్న బాధా అని తేల్చుకోవడం కష్టం.

కదిలే త్రిభుజం

మొదటి యూనిట్ టెస్టు అయ్యాక జియోజీబ్రా వచ్చింది. 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాంని ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. త్రిభుజం గీసి, మూడు కోణాలు కొలిచి, ఒక శీర్షాన్ని లాగుతూ మొత్తం మారడం లేదని చూపించడం అందరూ చేసేదే. అందులో రెండు మెలికలు ఉన్నాయి.

ఒకటి, రౌండింగ్. కోణాలు 45.6, 67.7, 66.7 డిగ్రీలు అనుకుందాం, మొత్తం సరిగ్గా 180. సెట్టింగులలో దశాంశ స్థానాలు సున్నా అని ఉంటే తెర మీద 46, 68, 67 కనిపిస్తాయి. కూడితే 181. చురుకైన పిల్లలు దాన్ని పట్టుకోకుండా వదలరు. ముందే రెండు దశాంశ స్థానాలు పెట్టుకోవచ్చు, అప్పుడు కూడా ఒక్కోసారి 0.01 తేడా వస్తుంది. నా మట్టుకు అది 181 వచ్చినా మంచిదే. ఎందుకొచ్చిందో పిల్లల చేతే చెప్పిస్తే ఉజ్జాయింపు పాఠం ఉచితంగా పూర్తవుతుంది. కాకపోతే అలా వస్తుందని టీచరుకి ముందే తెలిసి ఉండాలి.

రెండోది, అక్షాల స్కేలు. జూమ్ చేస్తూ పొరపాటున ఒక అక్షాన్ని మాత్రమే సాగదీస్తే చతురస్రం దీర్ఘచతురస్రంలా, వృత్తం కోడిగుడ్డులా అయిపోతుంది. అక్షాల నిష్పత్తిని ఒకటికి ఒకటిగా లాక్ చేసి పెట్టాలి.

బొమ్మ కదులుతుంటే పిల్లలు ‘ఓ’ అంటారు, అర్థమైందంటారు. ఆ ‘ఓ’ని నమ్మకూడదు. మౌస్ కదిపేముందు ‘ఈ శీర్షాన్ని పైకి లాగితే ఈ కోణం పెరుగుతుందా, తగ్గుతుందా?’ అని అడిగి, జవాబు నోటుబుక్కులో రాయించి, ఆ తర్వాతే లాగాలి. రాసినవాడికి తన జవాబు నిలుస్తుందో లేదో అన్న ఆత్రం ఉంటుంది, ఊరికే చూసినవాడికి ఉండదు. సైన్సు టీచర్లకి ఇదే పని ఫెట్ (PhET) సిమ్యులేషన్లతో, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలతో, కుదురుతుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ప్రాజెక్టు అది. ఒక్కో సిమ్యులేషన్‌ని ఫైల్‌గా దించుకుని నెట్ లేకుండా బ్రౌజర్‌లో తెరవొచ్చు.

ఇళ్లకి వెళ్లిన క్విజ్

అర్ధసంవత్సర పరీక్షల తర్వాత వారానికొక చిన్న క్విజ్ గూగుల్ ఫారమ్స్‌లో వెళ్లింది. అయిదు ప్రశ్నలకి మించలేదు. ఇక్కడ సమయం తినేసింది తెలుగు. డీటీపీ కోసం పాత ఫాంట్లలో టైపు చేసిన ప్రశ్నపత్రాలు యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. వాటిని కాపీ చేసి ఫారంలో అతికిస్తే అర్థంలేని గుర్తుల వరస వస్తుంది. కన్వర్టర్లు ఉన్నాయి కానీ వత్తుల దగ్గర తప్పుతాయి, ఒక్కొక్క మాటా సరిచూడాలి. కొత్త ప్రశ్నలైతే ఫోను కీబోర్డులో నోటితో చెప్పి టైపు చేయించి సరిదిద్దుకోవడం వేగం. భిన్నాలు, ఘాతాలు కాగితం మీద రాసి ఫొటో తీసి ప్రశ్నలో పెట్టాలి.

సెట్టింగులలో చిన్నవి అనుకున్నవే ఇబ్బంది పెడతాయి. పేరు టైపు చేయమంటే ఒకే పిల్లవాడు వారానికొక రకంగా రాస్తాడు, షీట్‌లో వరసలు కలవవు. రోల్ నంబరు డ్రాప్‌డౌన్‌లో ఇవ్వాలి. జవాబు ఆప్షన్ల వరస తారుమారు చేసే సదుపాయం ఆన్ చేస్తే ‘పైవన్నీ’ అన్నది ఒక్కోసారి మొదటి ఆప్షన్‌గా వచ్చి కూర్చుంటుంది, కాబట్టి ఆ మాటే వాడకూడదు. జవాబు టైపు చేసే ప్రశ్నలో 3/4 ఒక్కటే సరైనదిగా ఇస్తే 0.75 రాసినవాడికి సున్నా పడుతుంది, రాగల రూపాలన్నీ ముందే చేర్చాలి. ఒక్కరు ఒక్కసారే పంపాలన్న నిబంధన పెడితే ఖాతాతో లాగిన్ అవ్వాల్సి వస్తుంది. ఒకే ఫోను మీద ఆధారపడిన ఇద్దరు పిల్లల్లో రెండోవాడికి దారి ఉండదు. ఆ నిబంధన తీసేసి, ఒకే రోల్ నంబరుతో రెండు వస్తే మొదటిదే లెక్క అని చెప్పడం సులువు.

గడువు ఒక్క రాత్రి ఇస్తే సరిపోదు. ఫోను పెద్దవాళ్లతో పాటు పనికి వెళ్లి రాత్రికి ఇంటికొస్తుంది, అప్పటికి ఛార్జింగ్ ఉండదు. 48 గంటలు ఇచ్చాక వచ్చే జవాబులు బాగా పెరిగాయి. అయినా ప్రతి క్విజ్‌కీ కాగితం ప్రతి కొన్ని సంచిలో ఉండాల్సిందే. అడిగి తీసుకోమంటే ఎవరూ అడగరు. కావాల్సినవాళ్లు తీసుకునేలా బల్ల మీద పెట్టాలి, కారణం అడగకూడదు.

ప్రశ్నల తయారీకి ఏఐ చాట్‌బాట్ సాయం కూడా తీసుకున్నాను. ‘పిల్లలు ఈ లెక్కలో చేసే తప్పులు చెప్పు’ అని అడిగితే పనికొచ్చే జాబితా వస్తుంది. సరైన జవాబు మాత్రం పెన్ను పట్టుకుని చేసి చూడకుండా పిల్లల ముందు పెట్టలేం. తెలుగులో పదజాలం కూడా కుదరదు, లఘుకోణం, అధికకోణం లాంటి పుస్తకంలోని మాటల బదులు ఏవో అనువాదాలు వచ్చి పడతాయి.

టాబ్లెట్లు, చివర్లో

పరికరాలు పిల్లల చేతికి వెళ్లింది ఏడాది చివరి భాగంలోనే. ఇద్దరికొకటి. ఒక్కరికొకటి ఉంటే గది నిశ్శబ్దమైపోతుంది, ముగ్గురికొకటైతే మూడోవాడు కిటికీలోంచి చూస్తాడు. ఇద్దరున్నప్పుడు ఒకరు నొక్కాలి, ఇంకొకరు కాగితం మీద లెక్క చేయాలి, అయిదు నిమిషాలకి మార్చుకోవాలి.

నెట్ మీద ఆధారపడితే ఈ దశ నడవదు. ఇరవై టాబ్లెట్లలో ఒకేసారి వీడియో తెరిస్తే, ఒక్కోదానికి 2.5 ఎంబీపీఎస్ చొప్పున 50 ఎంబీపీఎస్ నెట్ వేగం కావాలి. దారి ఏమిటంటే కోలిబ్రి. లెర్నింగ్ ఈక్వాలిటీ సంస్థ ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాం. ల్యాప్‌టాప్‌లో పాఠాలూ అభ్యాసాలూ ముందే దించుకుంటే, టాబ్లెట్లు నెట్ లేకుండా అదే గదిలోని ల్యాప్‌టాప్ నుంచి తెరుస్తాయి. దించుకోవడానికి పెద్ద ఫైళ్లు కాబట్టి రాత్రంతా వదిలేయాలి, ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగు మార్చాలి. టాబ్లెట్లని కలపడానికి ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ చాలనుకుంటాం. విండోస్ మొబైల్ హాట్‌స్పాట్‌కి 8 పరికరాలే కలుస్తాయి, తొమ్మిదోది తిరుగుతూనే ఉంటుంది. మామూలు వైఫై రౌటర్ ఒకటి, నెట్ కనెక్షన్ లేకపోయినా, ఈ పని చేసిపెడుతుంది. సిమ్ ఉన్న టాబ్లెట్లు ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు’ అని మొబైల్ డేటాకి మారిపోతాయి, డేటా ఆపేయాలి. కోలిబ్రి తెరవడానికి చిరునామా టైపు చేయమంటే అయిదు నిమిషాలు పోతాయి. క్యూఆర్ కోడ్ ముద్రించి గోడకి రెండు మూడు చోట్ల అంటిస్తే ఒక్క నిమిషం పడుతుంది.

అయినా నా నియమం ప్రకారం టాబ్లెట్లు ఇంకా నెగ్గలేదు. పంచడం, తెరవడం, తిరిగి లెక్కపెట్టుకోవడం కలిపి పది నిమిషాల దగ్గరే ఉంది. వారానికి ఒక్క పీరియడ్, అదీ అభ్యాసానికే, అన్న చోట ఆగాయి. వచ్చే ఏడాది పంచే బాధ్యత బెంచీల వారీగా పిల్లలకే అప్పగించి చూడాలి.

సెలవుల ముందు

టాబ్లెట్లని నిండా ఛార్జి చేసి దాచకూడదు, ఖాళీగానూ వదలకూడదు. లిథియం అయాన్ బ్యాటరీకి 40 నుంచి 60 శాతం మధ్య నయం. పూర్తిగా ఆఫ్ చేసి, చల్లటి బీరువాలో పెట్టాలి. ప్రొజెక్టరు ఫిల్టరు బ్రష్‌తో దులిపి, లెన్సు మూత పెట్టి, తీగలు వదులుగా చుట్టి ఒక్కోదానికి ఏ పరికరానిదో చీటీ కట్టాలి. కార్డుల్లో నలిగినవి తీసి అవే నంబర్లు మళ్లీ ముద్రించుకోవాలి. క్విజ్ మార్కులు రిజిస్టరులోకి ఎక్కాక ఫారంలలోని జవాబుల్ని, కార్డుల యాప్‌లోని పేర్లని తొలగించాలి. ప్రశ్నలు మాత్రం ఉంచుకోవాలి. ప్రతి ప్రశ్న పక్కన పిల్లలు ఏ తప్పు జవాబుని ఎక్కువగా ఎత్తారో ఒక మాట రాసి పెట్టుకుంటే, వచ్చే ఏడాది ఆ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ముందే తెలుస్తుంది.